ఇరవై మూడో నంబరు దారి

గేటుకి కొత్త తాళం. పైన బోర్డు:
"సొంత స్థలం."
మొన్నటిదాకా పిల్లలు బడికి
బురద తొక్కుకుంటూ పోయిన దారే.

హాలిఫాక్స్ కౌన్సిల్ ఆఫీసు, రెండో అంతస్తు.
పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే.
డెనీస్ అనే ఆవిడ తుమ్ముతూ తెచ్చి పరిచింది
పందొమ్మిది వందల యాభై రెండు నాటి పటం,
దుప్పటంత.

మొదట ఏమీ అర్థం కాలేదు.
ఊదా గీత కాలిబాటట, ఆకుపచ్చది గుర్రాలదట.
మా ఇల్లున్న చోట గొర్రెల మేత.
మందుల షాపున్న చోట వట్టి గాలి.
భూతద్దం పెట్టి వెతికితే
మడత పడ్డచోట, సరిగ్గా నాక్కావలసిన చోటే,
కాగితం అరిగి తెల్లబోయింది.

"పటం నోరు విప్పకపోతే
వాంగ్మూలాలు చూడు," అంది డెనీస్.

నాలుగో అట్టపెట్టెలో, సిరా చేతిరాత:
"హెటీ సట్‌క్లిఫ్, ఉన్ని మిల్లు కూలీ.
పదమూడో ఏటి నుంచీ ఈ దారినే నడిచాను.
ఎవరూ ఆపలేదు.
ఒకసారి ఎద్దు ఆపింది."

ఆ గదిలో నవ్వకూడదు.
నవ్వాను.

నకలుకి ముప్పై పెన్నీలు.
ఫారంలో దారి పేరు రాయమంటే
చెయ్యి దానంతటదే "పుంత" అని రాసేసింది, తెలుగులో.
కొట్టేసి, నంబరు వేశాను.

తాళం ఇంకా ఉంది.
విచారణ మార్చిలోనట, అదీ వీలైతే.
సాయంత్రం గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను,
సంచిలో హెటీ.
అవతల గడ్డి తడిగా ఉంది.
ఎద్దయితే లేదు.