మాఫీ

హన్మకొండ, నక్కలగుట్ట, టైర్ల దుకాణం మీది గదిల
మూడు నెలలు కూసోని గీసిన తెరలు
కోరుట్లల గంగమణి అరుగు మీద
ఒక్క పొద్దుల చెడిపోయినయి.

ఒకటో పాఠం: ఆపిలు పండు. పిల్లి.
పిల్లగాడు పాలు తాగుతున్నడు.
గంగమణి ఒళ్లె చాట, చాటల తునికాకు,
కత్తెర ఆపకుంటనే తెర దిక్కు చూసి
"మస్కట్ల నేను పిల్లిని సాదాల్నా?" అన్నది.
ఎగతాళికి కాదు. నిజంగనే అడిగింది.

తప్పు నొక్కితే ఫోను బుర్రుమన్నది,
తెరంత ఎర్రగైంది.
ముప్పై తొమ్మిదేండ్ల మనిషి
ఫోనును బోర్లేసి
పక్కింటి వాకిలి దిక్కు చూసింది,
ఎవరన్న విన్నరా అని.

"సందేహించింది" అని నోటుబుక్కుల రాసుకున్న.
కొట్టేసిన.
మూడో తరగతిల విడిచిపెట్టిన బెత్తం
ముప్పై ఏండ్లకు
నా చేతులకెల్లి మల్ల లేచిందని
ఏ గడిల రాయాలె?

కరీంనగర్ బస్సుల, కిటికీ కాడ,
బుర్రును తీసేసిన. ఎరుపును తీసేసిన.
రోజూ వస్తే వెలిగే మంటబొమ్మను గూడ తీసేసిన.
వెయ్యి బీడీలు చుట్టిన రాత్రి ఆమె రాకుంటే
ఆరిపోయేది ఎవ్వరి మంట?
ఇంక గుండీలు.
ఆధార్ కాడ రెండుసార్లు పడని బొటనవేలు,
ఆకు మీద అరిగిన బొటనవేలు,
నా తెర మీద గూడ పడలే.
గుండీని కత్తిరించిన ఆకంత చేసిన.

మల్ల వారం ఓదెలన్నను గూడ పిలిచిన,
దమ్మాంల పదకొండేండ్లు సిమెంటు మోసొచ్చినోడు.
"మీరు ఎట్లున్నరు అనేది ముంగటెందుకమ్మా,
ఆడ నిన్నెవ్వలడుగుతరు?
శ్వయ్య శ్వయ్య పెట్టు. మెల్లగ, మెల్లగ అని.
తాబాన్ పెట్టు, పానం బాగలేదని.
రాతిబ్ మాఫీ పెట్టు."

కత్తెర ఆగింది.
"మాఫీ నాకెర్కనే. బ్యాంకోల్లు చేస్తమంటరు గదా.
రాతిబంటే?"
"జీతం."
"అవ్వో, జీతం మాఫీ చేస్తరా!"

ఓదెలన్న నవ్విండు. నవ్వి, చాయ గిలాస దిక్కు చూసిండు.
"ఆడ మాఫీ అంటే లేదు అని, చెల్లె.
నీళ్లు మాఫీ. సెలవు మాఫీ.
ఇడిసిపెట్టుడు కాదు. లేకపోవుడు."

నా తెర మీద ఒక్క జవాబుకే పచ్చరంగు పడుతది.
ఆ ప్రశ్నను ఇప్పటికీ పక్కకు పెట్టే ఉంచిన.

ఒకటో పాఠం మాత్రం ఆ అరుగు మీదనే పుట్టింది.
కుర్సీ. హిసాబు. తారీకు.
సందూక. జవాబు.
"గివన్ని అరబ్బీల గూడ ఉన్నయా?" అన్నది గంగమణి.
"అయితే మా అత్త సగం అరబ్బీలనే తిట్టింది నన్ను."
పాఠం గొంతు ఆమెదే పెట్టిన.
జవాబు అన్నంక ఓ కత్తెర చప్పుడు గూడ పడ్డది అండ్ల.

ఆమె పోయి నలభై దినాలు.
మా లెక్కల పటంల సముద్రం అవుతల
ఒక్క చుక్క, ఆడి టైము రాత్రి ఒకటిన్నరకు.
ఒకటో పాఠం. పదకొండుసార్లు.
రెండో పాఠం తెరువనే లేదు.

"ఈ వాడుకరి ముందుకు పోతలేదు,
గుర్తు చేస్తూ ఓ సందేశం పంపుదామా?" అన్నడు
నాతోని పని చేసే పిల్లగాడు, సుధీర్.
వద్దన్న.
"పోనీ ఆ రికార్డుల ఏదో చప్పుడున్నది,
శుభ్రం చేయమంటవా?"

అదీ వద్దన్న.
కింద దుకాణంల ఎవరిదో టైరుకు
గాలి పడుతున్నది,
శ్వయ్య శ్వయ్య.