అప్పగింతలు

ఏడు కొట్టకముందే రా, రురీ.
టే నది మీంచి నీ వెంటొచ్చిన చలిని
గుమ్మం బయటే దులుపుకో.
దీపాలన్నీ ఒక్కసారి వెయ్యకు,
వాటికి రెప్పల్లేవు.

చేతులకి రాసుకున్న క్రీము కడుక్కో.
నోటితో కాదు, చర్మంతో నీళ్ళు తాగే ప్రాణులవి.
నువ్వు ముట్టుకున్నదల్లా వాటి లోపలికి పోతుంది.
కుళాయి నీళ్ళు అలాగే తెచ్చి పొయ్యకు,
పీపాలో నిలవుండి వాసన విరిగినవే పొయ్యి.
పద్దెనిమిది డిగ్రీలు. నా మోచేతికి తెలుసు,
నువ్వు మాత్రం థర్మామీటరు పెట్టు.

బెకబెకలు వినపడవిక్కడ.
నీళ్ళడుగున టిక్కుటిక్కుమంటాయి,
ఎవరో గోటితో గాజు మీద దరువేస్తున్నట్టు.
డొక్కల పక్కన వరసగా తెల్లటి కుట్లు చూడు,
ఎవరూ కుట్టినవి కావు.
నీళ్ళు కదిలితే అక్కడ తెలుస్తుంది వాటికి.
నీ అడుగు కూడా.

నెలకోసారి నిజంగానే కప్పల తక్కెడ.
ఒకదాన్ని ఎక్కిస్తే ఒకటి దూకుతుంది.
తడిగుడ్డ కప్పు, తిట్టకు.
పేర్లు పెట్టకూడదన్నారు. పెట్టాను.
పుస్తకంలో మాత్రం నలభై ఒకటనే ఉంటుంది.
నలభై ఒకటికి ఇరవై రెండేళ్ళు.
మొన్న మార్చిలో పాత చర్మం విడిచి
నా కళ్ళముందే తినేసింది, మిగల్చకుండా.
మా ఆయన కోట్లు నా బీరువాలో ఇంకా వేలాడుతున్నాయి.

గుడ్ల కోసం పై అంతస్తువాళ్ళు సూది వేస్తారు.
మూడు నెలలు తిరక్కుండా అదే కప్పని మళ్ళీ అడిగితే
లేదను. ఎంత పెద్ద ప్రొఫెసరైనా లేదను.
ఒక్కోరోజు
తెల్లపొడి కలిపిన నీళ్ళు నువ్వే సిద్ధం చెయ్యాలి.
ఆరోజు కూడా థర్మామీటరు పెట్టు.

ఎల్స్‌పెత్‌కి చాదస్తం అంటారు, విన్నాను.
యాభై ఎనిమిదిలో మా అమ్మ
జనపనార మిల్లు నుంచి అటునుంచటే
కోటు జేబులో సీసా దాచుకుని ఆస్పత్రికెళ్ళింది.
ఆ సీసాలోది ఒక ఆడకప్పకి ఎక్కించారు.
తెల్లారేసరికి తొట్టి అడుగున గుడ్లు,
సగం నలుపు సగం తెలుపు, ఆవగింజలంత.
మా నాన్నకన్నా, మా అమ్మకన్నా ముందు
నేనున్నానని తెలిసింది దానికే.
ఆ తరవాత అదేమైందో
ఏ పుస్తకంలోనూ లేదు. వెతికాను.

ఇవిగో తాళాలు.
రెండోది బిగుసుకుంటుంది,
కాస్త పైకెత్తి తిప్పు.