నాలుగు నిమిషాలు

ఈ రోడ్డు నాకు తెలుసనుకున్నాను.
పదకొండు చలికాలాలుగా దీని మీద
మంచు తోసే బండి నడుపుతున్నాను.
ఏ మలుపులో గాలి మంచును కుప్పపోస్తుందో
ఏ గతుకులో ఇనప రెక్క గీరుకుంటుందో
కళ్ళు మూసుకుని చెప్పగలను.

అదంతా ఎత్తు సీటు మీంచి,
హీటరు పక్కన, కాఫీ ఫ్లాస్కు చేతికందేలా.
ఆ సెప్టెంబరు రాత్రి
నుదుటికి దీపం కట్టుకుని పరిగెత్తేదాకా
కనుమ దాటాక కూడా
రోడ్డు ఇంకా ఎక్కుతూనే ఉంటుందని
నా పిక్కలకు ఎవరూ చెప్పలేదు.

పదిమందిమి. ఒక తుప్పు వ్యాను.
సాయంత్రం సముద్రం ఒడ్డున మార్విక్ మొదలెట్టింది,
ఆసుపత్రి డ్యూటీ దిగి తిన్నగా, ఆ నీలం చొక్కాతోనే.
తర్వాత వెండెల్, వాంతి చేసుకుని మరీ పరిగెత్తాడు.
వ్యాను నిండా నొప్పుల మందు వాసన,
మగ్గిన అరటిపళ్ళు, ఎవరివో తడి మేజోళ్ళు,
ఐలీన్ వాళ్ళ పెద్దమ్మ పొగబెట్టి ఇచ్చిన చేప,
దాంతోపాటే ఆవిడ సలహా:
"దుప్పి కనిపిస్తే ఆగు,
ఎలుగు కనిపిస్తే మాట్లాడు."

నా వంతు పన్నెండున్నరకి వచ్చింది.
మణికట్టుకి పట్టీ తగిలించి
ఐలీన్ "పో" అంది.
పోయాను.

పదహారు కిలోమీటర్లు.
దీపం పడినంత మేరే లోకం:
తెల్లగీత, నా ఊపిరి పొగ, మళ్ళీ తెల్లగీత.
ఎలుగుతో ఏం మాట్లాడాలో తోచక
మంచు బండి విడిభాగాల పేర్లు
పైకి వల్లిస్తూ పరిగెత్తాను.
ముందెక్కడో ఎర్రదీపం ఒకటి మిణుకుమంది.
పట్టుకోవాలనుకున్నాను, పట్టుకున్నాను కూడా.
ఒక ముసలాయన.
"రాత్రి బావుంది కదూ" అన్నాడు, ఆయాసం లేకుండా.
బదులు చెప్పే ఊపిరి లేక
చెయ్యి ఊపి దాటేశాను.

వంతు మారే చోట పీపాలో మంట.
టోపీలో ముఖం దాచుకున్న కుర్రాడు
నా నంబరు చూసి చీకట్లోకి కేకేశాడు:
"నలభై ఒకటీ! నలభై ఒకటీ!"
ఎవరూ రాలేదు.

రావాల్సింది గిస్లెన్. రొట్టెల గిస్లెన్.
పంతొమ్మిదేళ్ళుగా రాత్రి రెండింటికి లేచి
ఊరంతటికీ పిండి పిసికేవాడు
ఆ ఒక్క రాత్రి, రెండూ పదికి,
వ్యాను వెనకసీట్లో మొద్దునిద్ర పోతున్నాడు.

పట్టీ లేకుండా ఎవరూ కదలకూడదు.
కుర్రాడు వ్యాన్ల వరస వెంట వెతుక్కుంటూ పోయాడు.
నేను నిలబడ్డాను.
మెడ మీద చెమట గడ్డకట్టడం తెలుస్తోంది.
నోటిదాకా తిట్లొచ్చాయి, మంచి తిట్లు,
గ్యారేజీలో నేర్చుకున్నవి.
ఎందుకో దీపం ఆర్పేశాను.

ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులేమీ ఆడలేదు.
మబ్బు పట్టి ఉంది.
కానీ కొండలు మెల్లగా వచ్చి నిలబడ్డాయి,
అంతసేపూ పక్కనే ఉన్నాయి కాబోలు.
వెనక్కి తిరిగితే
నేను దిగివచ్చిన వాలు పొడుగునా
చిన్న చిన్న దీపాలు, ఎడమెడంగా,
ఒకటి ఊగుతూ, ఒకటి కుంటుతూ,
ఒకటి ఆగి, చాలాసేపు ఆగి, మళ్ళీ కదిలి.

చలికాలమంతా ఈ రోడ్డు తెరిచేది నేనే.
ఎవరికోసమో ఎప్పుడూ చూడలేదు.
బండి వెనకద్దంలో
మంచుపొడి తప్ప ఏమీ కనపడదు.

ముసలాయన వచ్చాడు. పట్టీ ఇచ్చేశాడు.
మంట దగ్గర చేతులు కాచుకుంటూ
ఏమీ అడక్కుండా
తన ఫ్లాస్కు మూతలో టీ పోసి నాకందించాడు.

అప్పుడొచ్చాడు గిస్లెన్,
బుగ్గ మీద జిప్పు అచ్చు, ఒక్క కాలికే మేజోడు,
"క్షమించు, క్షమించు" అంటూ పట్టీ లాక్కుని
పది అడుగులు వచ్చిన దారినే పరిగెత్తాడు,
కుర్రాడు అరిచేదాకా.

మర్నాడు మధ్యాహ్నం యూకాన్ నది ఒడ్డున
పదిమందిమీ కలిసి గీత దాటాం.
నూట పద్దెనిమిదో స్థానం.
ఆ నాలుగు నిమిషాలూ పోకుంటే నూట పదకొండని
వెండెల్ లెక్కగట్టి మరీ చెప్పాడు.

గిస్లెన్ ఆ లెక్క ఇంకా మోస్తున్నాడు.
శనివారాలు నా రొట్టెకి డబ్బు తీసుకోడు.
నేనూ బలవంతం చెయ్యను.
ఆ నాలుగు నిమిషాలే నాకు మిగిలిన పందెమని
చెప్పొచ్చు.
చెప్తే
రొట్టె పోతుంది.