వెనకవైపు చెల్లు

పురానీ హవేలీ కోర్టు గోడకు ఆనుకొని
నా టైపు మిషను.
మూడు అంకె మీట అరిగి నున్నగైంది.
నోటు రాసిన నాటి నుంచి మూడేళ్ళు, మూడేళ్ళు అని
ఇరవై ఆరేళ్ళుగా కొడుతూనే ఉన్నా.

ఇప్పుడు దాన్ని రెండు చేస్తారట.
చాయ్ సాసర్లో పోసుకుంటూ
నల్లకోట్లు మాట్లాడుకుంటున్నాయి:
ఫైళ్ళు తగ్గుతాయి, బీరువాలు ఖాళీ అవుతాయి.
రమణాచారి వకీలు మాత్రం ఆరు చేయమంటాడు.
ఆయన ఫీజు బాకీలకు ఆరూ చాలదు.

నాకు తెలిసిన లెక్క వేరు.
మొదటి ఏడు నమ్మకం తింటుంది.
తర్వాతి పద్దెనిమిది నెలలు మొహమాటం.
మిగిలిన ఆర్నెల్లలో ఒక రంజాను, ఒక బోనాలు,
పండగ పూట ఎవరడుగుతారు?

అలియాబాద్ నుంచి లీలాబాయి వచ్చింది,
బ్లౌజులకు హుక్కులు కుట్టే మనిషి.
బ్రెడ్డు కవరులో ప్రోనోటు.
నలభై వేలు. కూలర్ల మెకానిక్ అజ్మతుల్లా.
తేదీ చూశాను.
మూడేళ్ళు దాటి పదకొండు రోజులు.

"కాలదోషం పట్టిందమ్మా."
రోజూ అనే మాటే. అదీ అరిగిపోయింది.

"పైసలకు దోషమేంది?
పోయినేడు ఆయన భార్య దవాఖానల ఉండె,
అడగనీకె నోరు రాలే.
గా దినాలు గూడ లెక్కల పట్టిన్రా?"

పట్టారు.
ఉస్మానియా వరండాలో గడిచిన రోజైనా
చట్టానికి రోజే.

నోటు మడిచి ఇవ్వబోతూ తిరగేశాను.
వెనక, వంకర ఉర్దూలో రెండు వరుసలు.
వంద రూపాయలు చెల్లు. కింద సంతకం.
తేదీ, గడువు నిండడానికి నాలుగు రోజుల ముందు.

"అదా? గా దినం ఇంటికొచ్చి నూరు చేతుల పెట్టిండు.
నోటు తెమ్మని ఏందో రాసిండు.
ఇప్పటికి గింతే అన్నడు."

మళ్ళీ మూడేళ్ళమ్మా, అన్నాను.
తీసుకున్నవాడే వచ్చి
చచ్చిపోబోయే అప్పుకు ఊపిరి పోసి వెళ్ళాడని
ఎట్లా చెప్పాలో తెలీక
ఆ వంద సంగతే రెండుసార్లు చెప్పాను.

చాలాసేపు ఆ రాతను వేలితో తడిమింది.
"అయితే దావా వద్దులే" అంది.
టైపింగుకని తెచ్చిన ఎనభై రూపాయలు కొంగున ముడేసుకుని
బస్సెక్కింది.

మిషనులో కాగితం అట్లాగే ఉంది,
"వాది: లీలాబాయి" దగ్గర ఆగి.
రెండు మీట మీద వేలు పెట్టి చూశాను. ఇంకా గరుకే.
రెండేళ్ళు నిండిన నాడు అజ్మతుల్లా
ఆడవాళ్ళ వార్డు మెట్ల మీద ఉండుంటాడు,
చేతిలో మందుల చీటీ,
జేబులో వంద లేకుండా.