ఏడో మెట్టు

విక్ రేవులో డిసెంబరు నెల,
మూడు గంటలకే చీకటి.
టైపు మిషను మీదికి దీపం వంచుకుని
బ్రెమ్నర్ గారి చేతిరాతకు
శుభ్రప్రతి తీస్తోంది ఇష్‌బెల్ గన్.

"నిచ్చెనకు పైనుంచి ఏడో మెట్టు
లేనట్టు గమనించబడినది."

గమనించింది ఎవరు?
గమనించినవాడు నీళ్ళలోంచి తీయబడ్డాడు,
ఒక కాలికి బూటు లేదు.
ఇక్కడైతే కర్మణి ప్రయోగం ఒప్పే.
అతను ఇంకేమీ చేయలేడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమె వేళ్ళకు
ఈ వాక్యాలు అలవాటు.
హెర్రింగ్ చేప ఇక రాదని భావించబడింది.
ఐసు ఫ్యాక్టరీ మూయక తప్పదని తలచబడింది.
కూలి పెంచడం కుదరదని తేల్చబడింది.
భావించినవాళ్ళూ, తలచినవాళ్ళూ, తేల్చినవాళ్ళూ
మేడమీది గదిలో బిస్కెట్లు కొరుకుతుంటే
టీ పోసింది తనే.
ఎవరికి ఎన్ని చెంచాల పంచదారో ఇప్పటికీ గుర్తు.
వాక్యంలోకి మాత్రం వాళ్ళలో ఒక్కరూ
తడి కోటు తగిలించుకోవడానికైనా రాలేదు.

అలాంటి వాక్యం గుమ్మంలో
ఇంగ్లీషువాళ్ళు ఒక చిన్న మాటను కూర్చోబెడతారు:
ఇట్.
వాన పడుతోందనడానికీ అదే,
పొద్దుపోయిందనడానికీ అదే.
వాన కురిసినట్టే ఆ దేశంలో
నమ్మకాలూ కురుస్తాయి కాబోలు,
ఏ మబ్బుదో అడగకూడదు.
గొడుగున్నవాడు తడవడు.

నేనిది తెలుగులో చెప్పబోతే
క్రియ చివర 'బడు' వచ్చి చేరుతోంది.
చెప్పబడు, నమ్మబడు, మరువబడు.
ఎంత దాచినా
పడ్డవాడు క్రియలోనే పడుతూ కనిపిస్తున్నాడు.
అరుగు మీది కబుర్లకైతే ఇంత శ్రమ లేదు,
చివర ఒక్క 'ట' చాలు.
మెట్టు లేదట. ముందే చెప్పారట.
ఎవరన్నారని నిలదీస్తే
పక్కింటి వైపు గడ్డం ఎత్తి చూపిస్తారు.
పుకారుకైనా ఒక గడ్డం ఉంటుంది.

రెండో పేజీ.
"సదరు లోపం కార్యాలయానికి
ముందే తెలియజేయబడినదని అర్థమవుతున్నది."

అక్కడ ఆగాయి వేళ్ళు.

నవంబరులో ఒక మంగళవారం
టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు మాగ్నస్ స్వాన్సన్.
డీజిల్ వాసన, పంతొమ్మిదేళ్ళు.
"ఏడో మెట్టు ఊడిపోయింది, మిస్ గన్.
ఆటు వేళ తప్ప కనబడదు.
ఎవరికి చెప్పాలి?"
"చెప్పావుగా," అంది తను.
పసుపు చీటీ మీద రాసి ట్రేలో పెట్టింది.
దాని మీద బీమా ఉత్తరాలు పడ్డాయి,
ఆపైన క్రిస్మస్ దీపాల ఖర్చు అంచనా.

కార్యాలయమంటే
ఆ కుర్చీ, ఆ ట్రే, తను.

ఆ 'బడినది' నీడన
బ్రెమ్నర్ గారొక్కరే లేరు.
ఇంకొకరికి చోటుంది, వెచ్చగానే ఉంది.
కాబట్టి ఉన్నదున్నట్టు కొట్టేసింది,
రెండు కార్బన్ కాపీలతో.

ఫిబ్రవరిలో విలియమీనా స్వాన్సన్ వచ్చింది.
బతుకంతా వలలు అల్లిన మనిషి.
కూర్చోమన్నా కూర్చోకుండా నివేదిక చదివింది,
తెగిన కన్ను కోసం వలను తడిమినట్టు
ప్రతి వరుసా బొటనవేలితో తడుముతూ.
రెండో పేజీలో వేలు ఆగింది.

"ఈ ఇట్ ఏ ఇంటి మనిషి, ఇష్‌బెల్?
ఈ ఊళ్ళో అందరినీ ఎరుగుదును నేను."

కిటికీ మీద వాన.
మిషనులో తెల్ల కాగితం.
ఇంగ్లీషులో 'నేను' అంటే ఒకే ఒక్క అక్షరం.
దానికి షిఫ్ట్ మీట నొక్కి పట్టుకోవాలి.
నిలువు గీత,
పైనొక అడ్డం, కిందొక అడ్డం,
మధ్య మెట్లు లేని నిచ్చెన.

"కూర్చో విలియమీనా,"
అంటూ ఇష్‌బెల్ లేచి
కుర్చీలోని ఫైళ్ళు తీసి
నేల మీద పెట్టింది.