అది మరక కాదు

శనివారం ఇల్లు చూడ్డానికి వస్తారట,
లిస్బన్ నుంచి ఎవరో మొగుడూ పెళ్ళాం.
బెల్షియోర్ తాళంచెవి నా చేతిలో పెట్టి
వంటింటి బల్ల మీద వేలితో చూపించాడు:
"ఈ మరక పోవాలి, లుసిందా.
ఎంతడిగితే అంతిస్తాను."

మరక కాదు నాయనా అది.
మరకంటే బయటినుంచి వచ్చి లోపల కూర్చున్నది.
ఆలివ్ నూనె అలాంటిదే, పిలవని చుట్టం.
దాన్ని సాగనంపడం నాకు తెలుసు:
సుద్దపొడి అట్లపిండిలా కలిపి
మందంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కప్పి
ఒకటి రెండు రోజులు దాని జోలికి పోకపోతే
నూనె తనంతట తానే
పిండిలోకి ఎక్కి కూర్చుంటుంది.

ఇది వచ్చింది కాదు, పోయింది.
నిమ్మరసం తాకినచోటల్లా
రాయి తనలో కొంచెం ఇచ్చేసుకుంటుంది.
మీ అమ్మ ఎవుఫ్రాజియా, రాత్రి భోజనమయ్యాక
వేణ్ణీళ్ళలో నిమ్మకాయ పిండుకుని
ఇక్కడే, ఈ కుర్చీలోనే,
తనతో తానే పేకాడుకునేది.
గ్లాసు అంచునుంచి జారిన చుక్క
అడుగున చేరి గుండ్రంగా నిలిచేది.
అలా ఎన్నేళ్ళో.
గెలిచినా తనే, ఓడినా తనే,
గీత మాత్రం రాయి మీద.

మా ఎస్ట్రెమోజ్‌లో పాలరాయి గొప్పవాళ్ళ సొత్తు కాదు.
గుమ్మం పాలరాయి, మెట్టు పాలరాయి,
మా నాన్నమ్మ కోళ్ళు నీళ్ళు తాగే తొట్టి కూడా.
క్వారీలో మా ఆయన పోయిన ఏడాది
ఊరంతా వచ్చి
గుండె రాయి చేసుకోమన్నారు.
నవ్వొచ్చింది.
పొద్దున్న లేస్తే రాళ్ళు తుడిచేదాన్ని నేను.
నూనె తాగేది రాయే,
నిమ్మచుక్కకి ఉలిక్కిపడేది రాయే.
అలాంటి గుండె నాకు ముందునుంచే ఉంది.

సరే, పని.
ముందు గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల మెత్తని సబ్బు.
గుడ్డ గట్టిగా పిండాలి. తుడవాలి.
వెంటనే పొడిగుడ్డతో మళ్ళీ.
తడి ఆరేదాకా ఆగకూడదు,
ఆరిపోతూ నీళ్ళు తమ సున్నం వదిలేసి పోతాయి.
తరవాత తెల్లపొడి, తడిపిన ఉన్నిగుడ్డ,
అరచెయ్యి బరువు, చిన్న చిన్న సున్నాలు.
తొందరపడితే గీతపోయి గుంట మిగులుతుంది.
మధ్యలో చర్చి గంటలు రెండుసార్లు మోగాయి.
భుజం నాదో కాదో తెలియలేదు.

కిటికీలోంచి ఎండ వాలి చూసింది. ఏమీ కనపడలేదు.
చూపుడువేలు పెట్టి తిప్పాను.
కంటికి పోయింది,
వేలికి పోలేదు.
కాగితమంత పల్లం, గుండ్రంగా,
ఇంకా అక్కడే.

బెల్షియోర్‌కి చెప్పలేదు.
వేలితో ఇల్లు కొనేవాళ్ళు ఎవరుంటారు?

ఇంకోటి కూడా చెప్పలేదు.
తొట్టి పక్కన రొట్టెల బుట్ట ఉంది కదా,
దాని కింద అరచేయంత మేర
రాయి చచ్చిన చేప కన్నులా వెలవెలబోయి ఉంటుంది.
అది నేను చేసింది.
పందొమ్మిదేళ్ళు నాకు, పనిలో మొదటి వారం,
బాగా మెరుస్తుందని వెనిగర్ పోసి రుద్దాను.
బుసబుసా చిన్న నురగ.
ఆరాక చూసి వణికిపోయాను.
ఎవుఫ్రాజియా వచ్చింది, చూసింది,
"రాయికి పులుపు పడదమ్మా" అంది.
అల్మారా మీది బుట్ట దింపి
దాని మీద పెట్టి వెళ్ళిపోయింది.
ముప్ఫై ఒక్క ఏళ్ళు
ఆ బుట్ట జరగలేదు.
రొట్టె లేని రోజుల్లో కూడా.

పొడి ఇంకా మిగిలింది. చెయ్యీ ఉంది.
రుద్దితే గంటలో పోతుంది, తెలుసు.

బుట్ట ఎత్తాను.
కింద ముక్కలు దులిపాను.
తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి,
బుట్ట ఉన్నచోటే పెట్టేశాను.

తాళం చిలకకొయ్యకి తగిలించి వచ్చాను.
శనివారం ఆ లిస్బన్ ఆవిడ
బుట్ట ఎత్తి చూస్తుందో, లేదో.