ముల్లు

మా లంకల వైపు కొండల్లేవు.
ఎక్కాలంటే వంతెనలే.

తెల్లారగట్ల మూడింటికి
ముప్పై ట్రేల రొయ్య, మీద ఐసు,
సిద్ధాంతం వంతెన సగం ఎక్కానో లేదో
బండి ఒక్క దగ్గు దగ్గి
కాలి కింద పెడలు మెత్తబడిపోయింది.
వెనక లారీవోడు హారన్ కొట్టాడట.
కొట్టాడట అంటున్నాను,
పక్కన సత్తిపండు చెబితేనే తెలిసింది.

లొల్ల లాకుల దారిలో జకరయ్య మేస్త్రి షెడ్డు.
ఫిల్టరు విప్పి గ్లాసుడు నీళ్ళు దింపాడు.
మన గాలికి ఇనుము కూడా చెమట పోస్తుందిలే అన్నాడు.
"పంపు నీరసించిందో, గొట్టం గాలి పీలుస్తోందో
ఊరికే ఎలా చెప్పను?
బీపీ చూడకుండా మాత్రలు రాస్తారా?
గేజీ పెడదాం."

నాకు రోషం వచ్చింది.
ఇరవై ఆరేళ్ళు చెవితో నడిపినోణ్ణి.
తాళం తిప్పగానే ట్యాంకు పక్కన పంపు
కందిరీగలా జుమ్మంటుంది.
ముసురులో దాని గొంతు వేరు, రోహిణి ఎండలో వేరు,
డీజిల్ అడుగంటితే బొంగురు.
ఇదంతా చెప్పాను, చెయ్యి తిప్పుతూ, గట్టిగా.
ఈ మధ్య ఏదైనా గట్టిగానే చెబుతున్నానంట.

జకరయ్య తాళం తిప్పాడు.
"వినపడుతోందా?"
ఆయ్, నిక్షేపంలా, అన్నాను.
అరచెయ్యి తెరిచాడు.
పంపు ఫ్యూజు అందులో ఉంది,
గోళ్ళ నలుపు మధ్య ఎర్రగా, చింతగింజంత.

లాకుల మీంచి నీళ్ళు దూకుతున్నాయి.
కుడి చెవికి సగం దూకాయి.
ఎడమ చెవికి ఆ కాలవ ఎప్పుడో ఎండిపోయింది.
ఇద్దరం ఏమీ అనలేదు.
అతను పదిహేడో నంబరు పానా తీసుకున్నాడు.

ఫిల్టరు తల మీది బోల్టు తీసి
నడుం దగ్గర చిల్లున్న కొత్త బోల్టు దించాడు,
అటో రాగి వాషరు, ఇటో రాగి వాషరు.
టేపు చుట్టవా అంటే
"పోగొకటి ఊడి ఇంజెక్టర్లో చిక్కిందా,
మీ ఓనరు చెరువు అమ్మాలి" అన్నాడు.
డీజిల్ బయటే ఆగిపోవాలి,
కేబిన్లోకి వైరు ఒక్కటే రావాలి.
అద్దం పక్క కుడి స్తంభానికి
బూరెంత గేజీ బిగించాడు.

చేతిపంపు నేనే నొక్కాను.
నురగ, నురగ, మళ్ళీ నురగ,
ఆనక తెల్లటి నిండు ధార.
బోల్టు కింద పాత పేపరు పరిచి
టీ తాగినంతసేపూ దాన్నే చూశాం.
పెళ్ళిసంబంధాల కాలమ్ మీద ఒక్క చుక్క.
పానా ఇంకో వీసం తిరిగింది. రెండో చుక్క రాలేదు.

ఆ సాయంత్రం ఖాళీ ట్రేలతోనే వంతెన ఎక్కాను.
కింద అయిదు చూపించిన ముల్లు
ఎత్తు మొదలవగానే వణికింది,
మూడు, రెండున్నర,
కాటా మీద సరుకు లాగేస్తున్నట్టు.
దొరికింది ఏమిటంటే
ట్యాంకు దగ్గర క్లాంపు కింద, వేలుతో తడిమితేగానీ తెలియని
వెంట్రుకంత పగులు.
చుక్క కారదు. గాలి మాత్రం తాగుతుంది.
జానెడు గొట్టం, నూటెనభై రూపాయలు.
ఇరవై ఆరేళ్ళ చెవి బాగున్న రోజుల్లో కూడా
అది వినేదో లేదో, నిజం చెప్పాలంటే నాకు తెలీదు.

బిల్లులో బోల్టు రాశాడు, వాషర్లు రాశాడు,
గేజీ, వైరు, గొట్టం.
ఫ్యూజు సంగతి రాయలేదు. ఎవరికీ చెప్పనూ లేదు.
వెళ్ళేటప్పుడు మాత్రం
రాజమండ్రిలో చెవుల డాక్టరు పేరు
సిగరెట్ పెట్టె అట్ట మీద రాసి
గేజీ వెనక దోపాడు.

ఇంకా అక్కడే ఉంది అట్ట.

నిన్న రాత్రి నిండు లోడు.
అద్దాలు రెండూ తుడుచుకుని ఎక్కాను.
ముల్లు నాలుగున్నర మీద
గట్టు మీది కొంగలా కదల్లేదు.
అస్తమానూ దాన్నేం చూస్తావు బాబాయ్ అన్నాడు సత్తిపండు.
అన్నాడనే అనుకుంటాను, పెదాలు అలా కదిలాయి.
కింద గోదారి హోరు పెడుతోందా అని
వాణ్ణి అడగబోయి
గేరు మార్చాను.